ఈతచెట్లు చెక్కించిన టీచరమ్మ

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులేసుకుంటుండగా వనపర్తి దవాఖాన నుంచి కబురొచ్చింది. మా సండేస్కూల్ టీచరమ్మ పోయింది. కోడేరులో మా చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు పాస్టరయ్య కంటే ముందు గోడలను చూస్తారు. ఆ గోడలు ఆమె పట్టుబట్టి సాధించినవి.

వారమంతా అంగన్‌వాడీలో పనిచేసేది. ఆదివారం మాకు బైబిల్ చెప్పేది. పుస్తకం తెరిచే ముందు కళ్లద్దాలు కొంగుతో తుడవనిదే మొదలుపెట్టేది కాదు. సొలొమోను కట్టిన మందిరం పాఠం వచ్చినప్పుడు ఒక దానిమ్మపండు తెచ్చి మా ముందే ఒలిచింది. "పైకి ఒకటే తొక్క. లోపల ఎన్ని గింజలున్నయో సూడుండ్రి. సంఘమంటే గిదే," అని తలా నాలుగు గింజలు చేతిలో పెట్టింది. ఆ మందిరపు స్తంభాల మీద వందల దానిమ్మ బొమ్మలు ఎందుకున్నాయో మాకు మళ్లీ ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

ఒక వానకాలం మా పాత మట్టిగోడల చర్చి కూలింది. కొత్తది లేస్తుంటే టీచరమ్మ సంఘంలో లేచి, స్తంభాల మీద దానిమ్మలు, గోడల మీద ఖర్జూరం చెట్లు, విచ్చిన పువ్వులు చెక్కిద్దామంది. అడ్డం చెప్పింది సంఘపెద్ద. ఆయన మా నాయనే.

"వద్దు టీచరమ్మా. గుడి లెక్కయితది. మనల్ని గడప ఎక్కనియ్యని గుడి లెక్క మనమెందుకు కట్టుకోవాలె?"

టీచరమ్మ కూర్చోకుండా ఆయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, గా గడప కాడ మా అమ్మ గూడ ఎండల నిలబడ్డది. గందుకనే అడుగుతున్న. దేవుడు మొదాలు మనిషిని తోటల పెట్టిండు. తప్పు చేస్తే బయటికి పంపి, కెరూబులను, గా రెక్కల దూతలను, కావలి పెట్టిండు. సొలొమోను మందిరం గోడల మీద గవే కెరూబులు, చెట్లు, పువ్వులు ఎందుకు చెక్కించిండు? పోగొట్టుకున్న తోటలకు మళ్ల తొవ్వ ఉన్నదని చెప్పెతందుకు. బయట నిలబడ్డోళ్లకు గాకుంటె గీ బొమ్మలు ఇంకెవరికి కావాలె?"

నాయన ఆ వారమంతా మధ్యాహ్నం బువ్వ తిన్నాక అరుగు మీద కూర్చొని బైబిల్లో ఆ మందిరం అధ్యాయాలే చదివాడు. ఆదివారం లేచి నిలబడి, "నాకు తెల్వక అడ్డమొచ్చిన. చెక్కియ్యండ్రి," అన్నాడు.

పాన్‌గల్ నుంచి వచ్చిన మేస్త్రీ సాబ్ తడి సిమెంటులో పని మొదలుపెట్టాడు. "ఖర్జూరం చెట్టు నేనెన్నడు సూడలేదు టీచరమ్మా. ఈతచెట్టయితే చేస్త."

"ఈత గూడ దాని చెల్లెలే. చెయ్యి సాబ్."

"కెరూబులకు రెక్కలు పెడత గని మొఖాలు చెయ్య. మా ఇస్లాం దీన్‌ల వద్దంటరు."

ఆమె నవ్వింది. "ఎగిరెతందుకు రెక్కలు చాలు."

ప్రతిష్ఠ రోజు డప్పులు మోగుతుంటే ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లందరికీ దానిమ్మలు ఎందుకు, చెట్లు ఎందుకు అని గొంతెత్తి చెప్పింది మా నాయనే. నేను వంట పొయ్యిల దగ్గర నుంచి విని గర్వపడ్డాను.

టీచరమ్మ వాళ్ల అమ్మ మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. నడుము వంగిన ముసలామె. "లోపలికొస్తె ఎవరన్న ఏమన్న అంటరేమో బిడ్డా."

"ఎవరంటరే అమ్మా. మనదే. రా, ముట్టుకో."

చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి గోడ ముందు నిలబెట్టింది. ముసలామె రెండు అరచేతులూ ఈతచెట్టు మొదలు మీద ఆనించి, మెల్లగా మట్టల దాకా తడిమింది. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. చేతులు తెల్లగయ్యాయి. ఎవరో తుడవబోతే తుడవనివ్వలేదు. గోరింటాకు పండిన చిన్నపిల్లలాగా ఆ రెండు చేతులూ చాపి, ఒక్కొక్కరికీ చూపిస్తూ, చర్చి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది.