నన్నారి సీసా

ఆళ్లగడ్డ వైపు మా క్రైస్తవ సంఘాలలో మా నాయన పేరు చెబితే ఎవరికీ గుర్తుండదు. ‘నన్నారి ఉపదేశి’ అంటే మాత్రం ముసలివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. పోలీసుల్ని ఒకసారి షర్బతుతో బురిడీ కొట్టించి, రెండోసారి సారాతో దొరికిపోయిన మనిషి అని వాళ్ల కథ. నేను ఎదురుగా ఉన్నా చెప్పుకుంటారు. మా నాయన ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆ సీసాలో నన్నారి షర్బతు పోసింది నేను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్యనిషేధం గట్టిగా సాగుతుండేది. మిషన్‌లో ఉపదేశిగా, అంటే పల్లె బోధకుడిగా, పనిచేసేవాడు మద్యం సీసాతో దొరికితే కేసు సంగతి తర్వాత, ముందు ఉద్యోగం పోయేది. ఉద్యోగంతోపాటు ఇల్లూ పోయేది, మేమున్న ఇల్లు మిషన్‌దే గనుక. కానీ రొట్టె, రసం పంచే సంస్కారపు ఆరాధనకు ద్రాక్షారసం లేకుండా కుదరదు. పేరుకు రసమే గానీ అది పులిసిన ద్రాక్షసారా. దానికి పర్మిట్టు నంద్యాలలోని పెద్ద పాదిరిగారి పేర ఉండేది. ఆయన ఈస్టరుకు ముందు పల్లెలన్నీ తిరుగుతూ చివరికి ఆళ్లగడ్డ చేరేవారు. సంచారంలో సీసా పగులుతుందని దాన్ని ముందుగానే మా నాయన చేతికిచ్చి బస్సులో పంపేవారు. పర్మిట్టు కాగితం ఆయన జేబులో ఊళ్లు తిరిగేది. సీసా మా నాయన సంచిలో బస్సెక్కేది. ఏళ్లుగా అట్లాగే జరిగింది. ఇందులో ప్రమాదం ఉందని ఆ ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు.

నాకు తోచింది. నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతుండేవాణ్ణి. ఒక ఏడు ఈస్టరు సెలవులకు ముందే, మా ఊరి దారిలో శిరివెళ్ల దగ్గర పోలీసులు బస్సాపి ఒకణ్ణి దించడం చూశాను. ఫుట్‌బాల్ బ్లాడరులో సారాయి నింపి కడుపుకు కట్టుకున్నాడు వాడు. జవాను లాఠీతో పొడిస్తే అది చిట్లి పంచె తడిసింది. బస్సంతా నవ్వింది. వాడు మాత్రం చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ తడిసిన పంచె చాలా రోజులు నా కళ్లముందు నుంచి పోలేదు.

సెలవులకు, సీసా కోసం నంద్యాల వచ్చిన నాయనతో కలిసి ఊరికి బయలుదేరాను. నంద్యాల బస్టాండులో ఆయన సంచి నాకప్పగించి, తెలిసిన వాళ్లను పలకరించడానికి వెళ్లాడు. సంచి మీద చెయ్యి వేస్తే లోపల సీసా మెడ తగిలింది. ఆ తడిసిన పంచె గుర్తొచ్చింది. ఏం చేస్తున్నానో నిదానించకుండానే షర్బతు అంగడి వెనక కాలువలో రసమంతా ఒంపేశాను. సీసా కడిగి, సుగంధి వేళ్లతో చేసే నన్నారి పాకం పోయించాను. రంగు దాదాపు అదే. ఊరు చేరాక చెబుదామనుకున్నాను. పెద్ద పాదిరిగారి దగ్గర మంచం పట్టినవాళ్లకు సంస్కారమివ్వడానికి ఉంచుకునే చిన్న సీసా ఎట్లాగూ ఉంటుంది, ఆరాధన ఆగదు.

శిరివెళ్లలో బస్సు ఆగింది. జవాను ఒక్కో వరుసే చూస్తూ వచ్చాడు.

“ఏందప్పా ఆ సంచిలో?”

“ద్రాక్షారసం, సార్,” అన్నాడు మా నాయన.

ఆయన అబద్ధం చెప్పడని నాకు తెలుసు. అయినా ఏదో దగ్గు మందు అంటాడని ఆశపడ్డాను.

“ఏందీ? మళ్లీ చెప్పు.”

“దేవుని బల్లకు సార్. పర్మిట్టు మా పాదిరిగారి తాన ఉంది.”

పక్క సీట్లోని రైతు నవ్వాడు. “మీ దేవునికి గూడా పర్మిట్టు కావల్నేమప్పా?”

జవాను బిరడా తీసి వాసన చూశాడు. అరచేతిలో పోసుకుని నాకాడు. మా నాయన వైపు వింతగా చూశాడు.

“నన్నారి గదా ఇది. ఎండకు తల తిరిగిందా పెద్దాయనా? తొందరగా లోపల పెట్టుకో.”

బస్సు కదిలింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నాయన సీసా తీసుకుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. కళ్లనిండా నీళ్లతో నా చెయ్యి పట్టుకుని, “చూసినావా?” అన్నాడు.

అప్పుడు చెప్పలేకపోయాను. ఆళ్లగడ్డలో పెద్ద పాదిరిగారు అంతా విని, “సీసాలో ద్రాక్షారసం నింపింది నేనే గదా,” అని మాత్రం అన్నారు. ఆపైన నాయన, దేవుడు ద్రాక్షారసాన్ని నన్నారిగా మార్చి తనను కాపాడాడని ప్రతి ప్రార్థన కూటంలోనూ సాక్ష్యం చెప్పసాగాడు. జనం ఆమెన్ అనేవారు. వెనక వరుసలో కూర్చుని, ఎవరైనా ఆ షర్బతు అంగడివాణ్ణి అడుగుతారేమోనని నేను హడలిపోయేవాణ్ణి. పోలీసుల భయం ఒక్క పూటది. ఇది ఏడాదంతా ఉంది.

మరుసటి ఈస్టరుకు ఆయన ఒక్కడే బయలుదేరాడు. సాగనంపడానికి నంద్యాల బస్టాండుకు వెళ్లాను. సీసా సంచి లోపల కూడా లేదు, చేతిలో పట్టుకున్నాడు.

“నాయనా, పాదిరిగారి వెంట పోదువులే. ఈ తూరి బస్సు వద్దు.”

“ఏందిరా నీ భయం? పోయిన తూరి కండ్లారా చూస్తివి గదా.”

“ఆ తూరి...” అన్నాను.

“ఆ?”

కండక్టరు ఈల వేశాడు. నేను సంచి అందించి పక్కకు జరిగాను. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

శిరివెళ్లలో ఏం జరిగిందో తిరుగు బస్సులో వచ్చిన కండక్టరే చెప్పాడు. జవాను కూడా పాతవాడే.

“ఈ తూరి గూడా నన్నారేనా పెద్దాయనా?” అని నవ్వుతూ అడిగాడట.

“కాదు సార్. అప్పుడూ ద్రాక్షారసమే, ఇప్పుడూ ద్రాక్షారసమే. తాగి చూడండి,” అని మా నాయన సీసా తానే అందించాడట.

సీసాలో ఉన్నది నిజంగా ద్రాక్షారసమే కావడంతో ఆయనను స్టేషనులో పెట్టారు. పర్మిట్టు కాగితం అక్కడికి చేరేసరికి తెల్లవారింది. కేసు పోయింది. కానీ జవాను ఊరుకోలేదు. పోయినేడు షర్బతు చూపి తమను నమ్మించి, ఈ ఏడు దర్జాగా సారా తెచ్చాడని అందరికీ చెప్పాడు. మిషన్ కమిటీ ఆ మాటే పట్టుకుంది. దొంగ సాక్ష్యం చెప్పాడని నాయనను పనిలోనుంచి తీసేసింది. ఇల్లు ఖాళీ చేసి సంజామల వైపు మా అమ్మ పుట్టింటి ఊరికి వెళ్లాం. అక్కడాయన జొన్నచేలలో కూలికి పోయేవాడు.

ఒక సాయంత్రం బావి దగ్గర నీళ్లు చేదుతున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“ఒరే, మొదటి తూరి కాపాడినోడు రెండో తూరి ఎందుకు చెయ్యి వదిలినాడంటావ్? ఆ నడుమ ఏడాదిలో నేనేదో పాపం చేసింటా. గుర్తుకు రావడంల్యా.”

“నువ్వేం చేయలేదు నాయనా.”

“నీకెట్ల తెలుసు?”

తాడు నా చేతుల్లో ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను చేద పైకి లాగి కడవలో పోశాను. ఆయన తల వంచుకుని, ఆ ఏడాది ఎవరిమీద కోప్పడ్డాడో, ఎవరికి అన్నం పెట్టకుండా పంపాడో, మళ్లీ మొదటినుంచి గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు.