మిల్లు పొగ వేడిని మళ్ళించిన మా తాతయ్య

నిన్న పొద్దున మీటింగ్‌లో ఉండగా నందిగామ నుంచి మామయ్య ఫోన్ చేశారు.

"అమ్మాయ్, తాతయ్య ఇక లేరు."

తర్వాత ఏం చెప్పారో నాకు వినపడలేదు.

తొంభై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ ఫోన్ ఎప్పుడో వస్తుందని తెలుసు. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు జగ్గయ్యపేటలో ఒక రైస్‌మిల్లులో ఇంజిన్ డ్రైవర్. బొగ్గుల నుంచి గ్యాస్ తీసి, దాంతో నడిపే ఇంజిన్ అది.

1948 వానాకాలం. నిజాం వైపు నుంచి జనం ప్రాణాలు అరచేత పెట్టుకుని సరిహద్దు దాటి వస్తున్నారు. మిల్లు గోడౌన్‌లో కొన్ని కుటుంబాలు తలదాచుకున్నాయి. తడిబట్టలతో, చంటిపిల్లలతో.

ఇంజిన్ పొగతో పాటు అంత వేడి ఊరికే గాల్లోకి పోతోంది కదా అనుకున్నారు తాతయ్య. ఆ పొగ గొట్టాన్ని గోడౌన్ లోపల గోడ వెంట తిప్పి, అవతలివైపు బయటికి తీశారు.

గోడౌన్ వెచ్చబడింది. బట్టలు ఆరాయి. ఒక ముసలావిడ ఆయన తల నిమిరి, "సల్లగుండు బిడ్డా" అందట.

మర్నాడు మధ్యాహ్నం గొట్టం అతుకు ఒకటి వదులైంది. జల్లు కొడుతోందని లోపలివాళ్ళు తలుపులు మూసుకున్నారు. పొగలోని విషవాయువు లోపలే నిండి, ఒక్కొక్కరూ స్పృహ తప్పారు. ఎవరో కేక వేస్తే తాతయ్య ఇంజిన్ ఆపి పరిగెత్తారు. ఒక్కొక్కరినీ బయటికి లాక్కొచ్చారు.

అందరూ తేరుకున్నారు.

ఆ ముసలావిడ తప్ప.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆవిడ కొడుకే వచ్చి, "నువ్వు మంచికే జేసినవన్నా" అన్నాడట. "తిట్టినా బావుండేదమ్మా" అనేవారు తాతయ్య.

తర్వాత ఆ గొట్టాన్ని ఆరుబయటే, నీళ్ళ డ్రమ్ము మధ్యలోంచి పోనిచ్చారు. వాళ్ళు అక్కడ ఉన్నన్నాళ్ళూ పిల్లలకి వేడినీళ్ళకి లోటు రాలేదు. తాతయ్యకి మాత్రం నిద్ర లేదు.

నేను విజయవాడలో ఒక పెద్ద హాస్పిటల్‌లో మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. గ్యాస్ బాయిలర్ పొగలో వృథాగా పోయే వేడితోనే వార్డులకి వేడినీళ్ళు ఇచ్చే సిస్టమ్ పెట్టామని పోయిన వారం ఫోన్‌లో చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"పొగ ఎటు పోద్దమ్మా? అతుకులు నువ్వే చూశావా?"

"టెస్ట్ రిపోర్ట్ ఉంది తాతయ్యా."

ఆయన ఫోన్ పెట్టేశారు. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. మా ఆఖరి మాటలు అవే.

నిన్న బయల్దేరే ముందు బాయిలర్ రూమ్‌కి వెళ్ళాను. గ్యాస్ లీకులు పట్టే మీటర్ పట్టుకుని ప్రతి అతుకూ నేనే చూశాను. అన్నీ బాగున్నాయి.

ఆ మాట చెబుదామంటే ఆయన లేరు.

ఇన్నేళ్ళు మోశారు తాతయ్యా. ఇక ఆ బరువు దించేయండి. కంటినిండా నిద్రపోండి.