ఏడు మూలల లెక్క

గోపాలపట్నంలో గురునాథరావుని ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. పిల్లలు చాటుగా, పెద్దలు బాహాటంగా ‘ఎందుకు మాస్టారు’ అనేవారు. సరైన జవాబు చెప్పినవాణ్ణి శెభాష్ అని మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. ‘ఎందుకు?’ అనేవాడు. దానికి సమాధానం చెబితే మరో ఎందుకు. ఇక π విలువ ఇరవై రెండు బై ఏడని రాసి మధ్యలో సమానం గుర్తు పెట్టినవాడి గతి చెప్పనక్కర్లేదు. అది ఉజ్జాయింపు నాయనా, ఉజ్జాయింపుని నిజమంటే అబద్ధమాడినట్టే అని క్లాసంతా నిలబెట్టి చెప్పేవాడు.

ఈ జబ్బు ఆయనకి ఊరికే పట్టలేదు. తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, డెబ్బై ఒకటిలోనో రెండులోనో, ఓ గణిత పోటీకి వెళ్ళాడు. చివరి లెక్కకి జవాబు అందరికంటే ముందు చెప్పాడు. న్యాయనిర్ణేత కళ్ళజోడు సవరించుకుని ‘ఎందుకు?’ అన్నాడు. జవాబు తట్టిందే కానీ, అదెందుకయిందో గురునాథరావు చెప్పలేకపోయాడు. బహుమతి వెనక బెంచీ కుర్రాడికి పోయింది. జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరాక, తనకు తగిలిన దెబ్బ తన పిల్లలకు తగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఒకసారి గోతిలో పడ్డవాడు ఆ గోతినే చూసుకుంటూ నడుస్తాడు. పక్కన కొత్తగా తవ్విన గోతులు ఆయనకి కనపడలేదు.

నాగమణి ఇంటర్ మొదటి ఏడాదిలో ఆయన దగ్గరికి వచ్చింది. తండ్రి అర్జునరావు పోర్టులో ఖలాసీ. విజయనగరం పక్క పొలం పనులు వదిలి వచ్చి, ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే చోట ఏళ్ళ తరబడి ఎర్ర దుమ్ము మింగాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దగ్గు. పిల్లకేమో ఇంజనీరు కావాలని, కొత్తగా లేస్తున్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేయాలని కోరిక. గాజువాక వైపు వెళ్ళినప్పుడల్లా అక్కడి చిమ్నీల ఎత్తు వాటి నీడని బట్టి లెక్కగట్టేది. సీటు వస్తే స్కాలర్‌షిప్పుతో ఎలాగో గట్టెక్కుతుంది. రాకపోతే వెంటనే ఏదో ఒక పనిలోకి దిగాలి. ఈ సంగతీ, ఇంజనీరింగ్ పరీక్ష ఒక్కసారే రాయించగలనన్న సంగతీ అర్జునరావు మొదటిరోజే దాచకుండా చెప్పాడు.

“ఒక్కపాలే బాబూ. రెండోపాలి నా వల్ల అవ్వదు.”

మాస్టారింటి పక్క గోడకి నల్లరంగు వేయించి ఉండేది. అదే బోర్డు. దానిమీద ఆ గురుశిష్యులు రెండేళ్ళ పాటు సైన్లూ కొసైన్లూ సంకీర్ణ సంఖ్యలూ సుద్దముక్కలు అరిగేలా రాశారు. లెక్క దొరికితే ఆ పిల్లకి అన్నం అక్కర్లేదు. మాస్టారి భార్య తాయారు పిలిచి పిలిచి విసిగిపోయి, చివరికి గోడ దగ్గరికే అటుకులు తెచ్చిపెట్టేది.

ఈలోగా మెయిన్ రోడ్డు మీద చలమయ్య కోచింగ్ సెంటర్ తెరిచాడు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. చలమయ్య నేర్పేది ఆ ఎంచుకోవడమే. కోణం సున్నా అనుకో, నిలబడని జవాబులు కొట్టెయ్, మిగిలినదానికి టిక్కు పెట్టు. పిల్లని కొన్నాళ్ళు అక్కడికి కూడా పంపమని తాయారు చెప్పి చూసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి వింటాడా? అది చదువు కాదు, చిలక జోస్యం అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. రుజువు తేలకుండా ఏ జవాబుకీ టిక్కు పెట్టనని నాగమణి చేత మాట కూడా తీసుకున్నాడు.

ఎనభై ఆరు వేసవిలో పరీక్ష జరిగింది. ఆ సాయంత్రం నాగమణి ఇంటికి కూడా పోకుండా తిన్నగా గోడ దగ్గరికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. π బై ఏడు, రెండు π బై ఏడు, మూడు π బై ఏడు, ఈ మూడు కోణాల సైన్లని గుణిస్తే ఎంతని ఒక ప్రశ్న ఇచ్చారట. మాస్టారికి అది పాత లెక్కే. సూత్రం మీద సూత్రం వేసి తేల్చడానికి ఆయనకి గోడంతా సరిపోయేది కాదు. ఎలా చేశావని ఆత్రంగా అడిగాడు.

ఆ పిల్ల సుద్ద అందుకుంది. ఒక యూనిట్ వ్యాసార్ధంతో వృత్తం గీసి, అంచు మీద సమాన దూరాల్లో ఏడు చుక్కలు పెట్టింది. ఒక చుక్క నుంచి మిగతా ఆరింటికీ గీతలు లాగింది. ఆ ఆరు గీతల పొడవులూ గుణిస్తే సరిగ్గా ఏడు వస్తుందని సంకీర్ణ సంఖ్యలతో నాలుగు వరసల్లో తేల్చేసింది. ఒక్కో గీతా ఒక్కో సైనుకి రెట్టింపు, గీతలు రెండేసి సమానం. కాబట్టి జవాబు ఏడు వర్గమూలాన్ని ఎనిమిదితో భాగించినంత. ఇంతే.

“ఎవరు చెప్పారమ్మా నీకిది?”

“ఎవులూ సెప్పనేదు మాస్టారూ. హాల్లోనే తట్టింది.”

గురునాథరావుకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కొలువులో అంత సంతోషం ఆయన ఎరగడు. తాయారుని కేకేసి చూపించాడు. ఆమెకి అర్థం కాకపోయినా ఆయన మొహం చూసి నవ్వింది. ఎందుకని అడగడానికి ఆ నాలుగు వరసల్లో ఎక్కడా సందు లేదు. మొట్టమొదటిసారి ఆయన నోటివెంట శెభాష్ అన్న మాట వచ్చింది. ఏడుకి బదులు తొమ్మిది మూలలైతే ఏమవుతుందని ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

పిల్ల ఇంటికి రాలేదని అర్జునరావు డ్యూటీ దిగి వెతుక్కుంటూ వచ్చాడు. గోడకేసి చూడలేదు. అరుగు మీద కూలబడి, దగ్గు తగ్గేదాకా ఆగి అడిగాడు.

“ఎన్ని సేసినావమ్మా?”

నాగమణి చేతిలో సుద్ద ఆగిపోయింది.

“సగం కూడా అవ్వనేదు నాన్నా. బెల్లు కొట్టేసినారు.”

ఆ ప్రశ్న తాను అడగలేదని గురునాథరావుకి అప్పుడు తట్టింది. ఎలా చేశావని అడిగాడు, ఎవరు చెప్పారని అడిగాడు. ఎన్ని చేశావని మాత్రం అడగలేదు. హాల్లో ఆ ఒక్క లెక్క ఎంతసేపు తినేసిందో కూడా అడగలేదు. మిగిలినవాటికి ఊహించయినా టిక్కులు పెట్టావా అనబోయి నోరు మూసుకున్నాడు. పెట్టనని మాట తీసుకున్నది తనే కదా. సిగ్గుతో చచ్చిపోయాడు.

అర్జునరావు తిట్టలేదు. తిడితే మాస్టారికి కాస్త ఊపిరాడేది.

“మీరు సెప్పినట్టే సేసింది బాబూ,” అని, పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు.

నాగమణికి సీటు రాలేదు. చలమయ్య సెంటరు బోర్డు మాత్రం పేర్లతో నిండిపోయింది. ఆ ఏడు మూలల లెక్కకి అతను నేర్పిన కిటుకు ఊరంతా పాకింది. ప్రశ్నలో కింద ఏడుంటే, జవాబుల్లో వర్గమూలం ఏడున్నదానికి టిక్కు పెట్టు, అయిపోయె. అలా పెట్టినవాళ్ళందరికీ మార్కులు పడ్డాయి.

వానలు మొదలయ్యేసరికి అర్జునరావు పని మానేశాడు. నాగమణి ఆటోనగర్లో ఓ చిన్న ఫ్యాక్టరీలో బిల్లులు టైపుచేసే పనిలో కుదిరింది. పొద్దున్నే బస్సులో ఆ ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీల వైపే పోతుంది, కానీ వాటికి చాలా ముందే దిగిపోతుంది. గురునాథరావు వాళ్ళింటికి వెళ్ళి ప్రైవేటుగా డిగ్రీ కట్టమని బతిమాలాడు. చూద్దాం మాస్టారూ అని నవ్వింది. ఆ నవ్వులో కోపం ఉందేమోనని వెతికాడు. లేదు. తరవాత ఆ ఇంటికి వెళ్ళడానికి ఆయనకి కాళ్ళు రాలేదు. గోడ మీది వృత్తాన్ని ఆయన తుడవలేదు, ఆ ఏటి వానలే తుడిచేశాయి.

ఓ రెండేళ్ళు పోయాక ఒక ఆదివారం నాగమణి తన చెల్లెలు కాంతాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంటర్లో చేరిందని, చలమయ్య దగ్గర చేర్చే తాహతు తమకి లేదని చెప్పింది. చెల్లెల్ని గోడ దగ్గరికి పంపి, గొంతు తగ్గించింది.

“దీనికి రుజువులు సెప్పకండి మాస్టారూ. టిక్కులు సెప్పండి, సాలు.”

ఆయన తలూపాడు. గోడ మీద ఒక లెక్క రాసి, కింద నాలుగు జవాబులు వేశాడు. కోణం సున్నా అనుకోమన్నాడు. కాంతం చురుకైన పిల్ల. మూడింటిని చకచకా కొట్టేసి, నాలుగోదాని పక్కన టిక్కు పెట్టి వెనక్కి తిరిగింది.

“ఇదే ఎందుకయింది మాస్టారూ?”

గురునాథరావు నాగమణికేసి చూశాడు. ఆమె గోడకేసి చూడకుండా వీధికేసి చూస్తోంది.

“అది నీకక్కర్లేదమ్మా,” అన్నాడు ‘ఎందుకు మాస్టారు’. “తరవాతి లెక్క చూడు.”