సగం దూరానికి జర్మన్‌ల ఏమంటరు

ఆ రోజులల్ల నాకు జర్మన్ వస్తదని గట్టిగ నమ్మేటోళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా అమ్మ, ఇంకొకరు నేను. చదువు అయిపోయి కొలువు దొరకని వయసుల మనిషికి తన మీద తనకు ఎంత నమ్మకముంటదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది, జర కుళ్లు గూడ పుడ్తది. డిగ్రీ అయినంక పట్నంల ఒక కోచింగ్ సెంటర్‌ల చేరి, వచ్చేటప్పుడు పోయేటప్పుడు బస్సుల కూసొని ఎక్కాలు చదివినట్టు జర్మన్ క్రియలు చదివేదాన్ని. మాది హిమాయత్ సాగర్ పక్కన పల్లె. బాపు బంతిపూలు, టమాట వేసేటోడు. "గా బాసతోని ఏం జేస్తవ్ బిడ్డా, మన దిక్కు జర్మనోళ్లు ఎవలున్నరు?" అని ఒకసారి అడిగిండు. "విమానాలు మన నెత్తి మీదికెళ్లే దిగుతున్నయి గద బాపు, ఎవలో ఒకలు దిగకపోతరా" అన్న. బాపు ఒకపారి పైకి చూసి, మళ్ల టమాట నారు దిక్కు తిరిగిండు.

నిజంగనే దిగిండ్రు. శంషాబాద్‌ల హైవే మీద, ఒక టిఫిన్ సెంటర్ పైన, కార్లు కిరాయికిచ్చే చిన్న ట్రావెల్స్ ఆఫీసుల నాకు కొలువు దొరికింది. చేరిన కొన్ని నెలలకు, ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాల భాగాలు చేసే ఫ్యాక్టరీకి యూరప్ నుంచి ఇంజినీర్లు వచ్చిండ్రు. గచ్చిబౌలి హోటల్ నుంచి వాళ్లను రోజూ తీసుకొచ్చి, మళ్ల దింపే పని మా ఆఫీసుకే పడ్డది. ఇగ నా రోజులొచ్చినయి అనుకున్న. కాని ఆఫీసుల నా ఎదురు టేబుల్ కాడ ఇంకో పిల్ల ఉండేది. రాజమండ్రి నుంచి వచ్చింది గనుక అందరం ఆమెను రాజమండ్రి అనే పిలిచేటోళ్లం. ఆమెకు ఫ్రెంచ్ వచ్చు. నాకు జర్మన్ వచ్చినట్టు గాదు, నిజంగనే వచ్చు. ఫోన్ల ఆ దేశపోళ్లతోని మాట్లాడుకుంట నడుమ నడుమ నవ్వేది. (నేనైతే జర్మన్‌ల నవ్వే దాక ఎన్నడు పోలే. వాక్యం చివర్ల క్రియ వచ్చే దాక కాసుకొని కూసునుడే నాకు సరిపొయ్యేది.) పైగా నన్ను గూడ "ఏవండీ" అనే పిలిచేది. గంత మర్యాదగ ఉండే మనిషి మీద కోపం తెచ్చుకునుడు ఎంత కష్టమో పడ్డోళ్లకే తెలుస్తది. నేను ఆ కష్టం రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాక పడ్డ.

దానికి తోడు, ఎయిర్‌పోర్ట్ లోపట మా ట్రావెల్స్‌కు ఒక కౌంటర్ వస్తున్నదని, మా ఇద్దరిల ఒకరిని అక్కడ కూసోబెడతనని మా ట్రావెల్స్ ఓనర్ సార్ చెప్పిండు. నీలం కోటు, మెడల స్కార్ఫు, పొద్దంత ఏసీ. నేను ఆ ముచ్చట ఇంట్ల చెప్పిన మర్నాడే మా అమ్మ మా మేనత్తకు ఫోన్ చేసి, నాకు కోటు కుట్టడానికి కొలతలు గూడ తీసుకున్నరని చెప్పేసింది.

ఒకరోజు సార్ మమ్మల్ని ఇద్దర్ని పిలిచిండు. "ట్రాఫిక్‌ల కారు ఆగినప్పుడల్ల గీ ఇంజినీర్లు ఇంకెంత దూరం అని అడుగుతున్నరట. మనోళ్లు చేతులు ఊపుడు తప్ప ఏం చెప్తలేరు. హిమాయత్ సాగర్ కాడికి వస్తే సగం దూరమైనట్టే గద. 'సగం దూరం వచ్చినం' అని వాళ్ల వాళ్ల భాషలల్ల ఒక్క ముక్క రాసి కార్లల్ల పెట్టున్రి, డ్రైవర్లకు నేర్పున్రి. ఎవలది మంచిగ పనిజేస్తదో నేను చూస్త" అన్నడు. కౌంటర్ మాట ఆయన ఎత్తలే. మాకు మాత్రం అదే వినిపించింది.

ఫ్రెంచ్, స్పానిష్ ఆమె తీసుకున్నది. జర్మన్ నాది. ఆమెకు రెండు, నాకు ఒక్కటా అని మనసున పట్టక ఇటాలియన్ గూడ నేనే చేస్త అన్న. (ఇటాలియన్ ఇంజినీరు ఒక్కడే ఉండె. ఆయన కారెక్కంగనే పండుకునేటోడు గనుక, నేను రాసింది తప్పో ఒప్పో ఈ రోజు దాక ఎవలకు తెల్వది.) ఇంగ్లీషుల హాఫ్‌వే అని ఒక్క ఊపిరిల అయిపొయ్యే మాట, ఒక్కో దేశంల ఒక్కో వేషమేసుకొని ఉండె. ఒకలు దారి నడుమ అంటరు, ఒకలు రోడ్డుల సగం అంటరు, ఇంకొకలు సగపు బాట మీద అంటరు.

మాటలు నేర్చుకునేతందుకు డ్రైవర్లందరు ఆఫీసుకొచ్చిండ్రు. వాళ్లల్ల పెద్దాయన హారన్ అన్న. రోడ్డు ఖాళీగ ఉన్నా హారన్ కొడుతడని ఆ పేరు. రాజమండ్రి ముందుగాల ఫ్రెంచ్ చెప్పింది: "ఆ మీ షెమాఁ." అత్తరు సీసా మూత తీసినట్టు ఉండె. డ్రైవర్లు మల్లోపారి చెప్పమన్నరు. తర్వాత స్పానిష్: "ఆ మేదియో కమీనో." హారన్ అన్న కుర్చీల నుంచి లేచిండు. "గదేంది మేడమ్, కస్టమర్ మొఖం మీద కమీనా అనాల్నా?" అన్నడు. నా కడుపుల చల్లగ అయింది. ఇగ ఆమె పని అయిపోయింది అనుకున్న. ఆమె కంగారు పడలే. "కమీనో అంటే వాళ్ల భాషలో దారి అండి. తిట్టు కాదు. మీరు ఎంత గట్టిగా అన్నా వాళ్లు సంతోషిస్తారు" అన్నది. గంతే, డ్రైవర్లకు అదే ముద్దయింది. స్పెయిన్ కార్ల డ్యూటీ కోసం వాళ్లల్ల వాళ్లకు కొట్లాట గూడ అయింది.

నా వంతు వచ్చింది. "అవుఫ్ హాల్బెమ్ వేక్" అన్న. హారన్ అన్న, "గొంతుల చేప ముల్లు ఇరుక్కుంటే మా నాయన గిట్లనే అనేటోడు. ఇంకేదన్న చిన్నది లేదా బిడ్డా?" అన్నడు. అందరు నవ్విండ్రు. రాజమండ్రి నవ్వలే. ఆమె నవ్వకపోవుడే నాకు ఇంక మండింది. వెంటనే ఫోన్ల డిక్షనరీ తీసి వెతికిన. ఇంగ్లీషు హాఫ్‌వేకు సరింగ సరిపొయ్యేటట్టు ఒక్కటే మాట కనిపించింది: హాల్బ్‌వేక్స్. సగం ఉన్నది, దారి ఉన్నది, పొట్టిగ ఉన్నది. కిందికి జరిపి చదివే ఓపిక నాకు ఎక్కడిది? "ఇగో అన్నా, హాల్బ్‌వేక్స్" అన్న. "గిది బాగుంది" అన్నడు.

హారన్ అన్నకు పడ్డది ఒక పొడుగాటి ముసలి జర్మన్ ఇంజినీరు. ఎన్నడు నవ్వని మనిషి. వారం తిరగకముందే ఆయన నవ్వుతున్నడని ఆఫీసు దాక ముచ్చట వచ్చింది. హారన్ అన్న పరేషాన్ అయి నా కాడికొచ్చి చెప్పిండు: "తాత పొద్దుగాల కారెక్కంగనే 'వీ గేట్స్' అని అడుగుతడు బిడ్డా. ఫ్యాక్టరీ గేటు ఎంత దూరమని గావచ్చు. ఇంక హోటల్‌కెళ్లి కదలనే లేదు, అయినా నువ్వు చెప్పిన హాల్బ్‌వేక్స్ అంట. ఇగ చూడు, కడుపు పట్టుకొని నవ్వుతడు. సాయంత్రం మళ్ల అదే అడుగుతడు. మతిమరుపేమో." వీ గేట్స్ అంటే జర్మన్‌ల 'ఎట్లున్నవ్' అని. మొదటి పాఠంలనే వస్తది. అప్పుడు డిక్షనరీ తీసి కింది దాక చదివిన. జర్మనోళ్లు హాల్బ్‌వేక్స్ అనేది ఎక్కువగ 'ఏదో నడుస్తున్నది, పర్వాలేదు' అనేతందుకట. దారికి, దూరానికి అనరట.

ఏం జెయ్యాల్నో తోచకముందే ఆ జర్మన్ తాత హారన్ అన్నను వెంటబెట్టుకొని ఆఫీసు మెట్లెక్కి వచ్చిండు. డ్రైవర్‌కు జర్మన్ నేర్పిన టీచర్ ఎవరని అడిగిండు. సార్ గర్వంగ నా దిక్కు చూపించిండు. తాత నాతోని గబగబ జర్మన్‌ల మాట్లాడిండు. నాకు 'మంచిది', 'డ్రైవర్' అన్న రెండు మాటలే దొరికినయి. మిగిలిన దానికంత తలకాయ ఊపిన. ఆయనకు అర్థమైనట్టుంది, ఇంగ్లీషుల అందుకున్నడు. వాళ్ల నాయన రైల్వేల పనిచేసెనట. ఎట్లున్నవని ఎవలు అడిగినా, బాగున్నా బాగలేకున్నా ఆ ఒక్క మాటే అనేటోడట. ఆయన పోయినంక గా తీరుగ అన్న మనిషి మళ్ల ఈ హారన్ కొట్టేటాయనే అట. చెప్పుకుంట చెప్పుకుంట అద్దాలు తీసి తుడుచుకున్నడు.

సార్‌కు మాత్రం ఒక్కటే అనుమానం. "అంటే, సగం దూరం అని గాదా?" అన్నడు. "కాదు" అన్నడు తాత నిజాయితీగ. అప్పుడు రాజమండ్రి లేచి, "తప్పేం కాదండి. డిక్షనరీలో మొదటి అర్థం అదే ఇచ్చారు. నేను కూడా చూశాను" అన్నది. నన్ను తిట్టినా అంత బాధ అయ్యేది గాదు. కౌంటర్ ఆమెకే పోయింది. తాత అడిగిండని నాకు డ్రైవర్లకు జర్మన్ నేర్పే పని పడ్డది. మా అమ్మ మేనత్తకు ఫోన్ చేసి, నన్ను టీచర్‌ను చేసిండ్రని చెప్పింది. కోటు ముచ్చట మళ్ల ఎత్తలే.

కొన్ని రోజులకు రాజమండ్రి నీలం కోటుతోనే టిఫిన్ డబ్బా పట్టుకొని మా ఆఫీసుకు తినేతందుకు వచ్చింది. కౌంటర్ కాడ ఫ్రెంచోళ్లు ఎవలు వస్తలేరట. పొద్దంత పేర్ల బోర్డు పట్టుకొని నిలబడుడేనట. నేను ఉండబట్టలేక, "జర్మన్ డిక్షనరీ నువ్వెందుకు చూసినవ్?" అని అడిగిన. ఆమె అన్నం కలుపుకుంట తల ఎత్తకుండ చెప్పింది: "మీరు రోజూ ఫోన్‌లో మీ అమ్మగారికి జర్మన్ మాటలు చెప్పేవారు కదండీ. ఆవిడ తిరిగి చెప్తే మీరు నవ్వేవారు. నా ఫ్రెంచ్ వినడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. హాస్టల్‌కి వెళ్లాక నాకు చాలా కుళ్లుగా ఉండేది. అందుకని మీ భాష కూడా నేర్చేసుకుందామనుకున్నాను." నేను ఆమె డబ్బాల కెళ్లి ఒక ముద్ద తీసుకున్న.

ఇప్పుడు నేను ఇంట్ల కూసొని అనువాదాలు చేస్త. జర్మన్ నిజంగనే వచ్చింది, ఆలస్యంగనైనా. మొన్న రాజమండ్రి మెసేజ్ పెట్టింది. జర్మన్‌ల నేను రాయడానికి భయపడి ఆపేసిన పెద్ద పరీక్ష ఆమె పాసయిందట. బొమ్మలు పెట్టి శుభాకాంక్షలు పంపిన. ఫోన్ పక్కకు పెట్టి, మళ్ల తీసి, ఫ్రెంచ్ క్లాసులు ఎప్పుడు మొదలైతయో వెతికి చేరిపోయిన. వాకిట్ల కూసొని బంతిపూలు ఏరుతున్న బాపు నా నోట్ల కొత్త గొణుగుడు విని, "గిదేం బాస బిడ్డా? పాతది అయిపోయిందా?" అన్నడు. "లేదు బాపు, ఊకెనే" అన్న. ఊకెనే ఏం గాదని ఆయనకు ఎర్కే. పూలు ఏరుకుంట నవ్విండు. తెల్లెంట్రుకలు వచ్చినంక గూడ నాకు బుద్ధి రాలేదని నాకు గూడ నవ్వొచ్చింది.