ఎర్రచొక్కా కాలు, మాస్టారి కాలు

ఏ సభలో నన్ను పరిచయం చేసినా ఒకటే మాట. "గల్ఫ్ యుద్ధంలో దీపం పట్టుకుని తిరిగిన తెలుగు ఆడపడుచు." దండ మెళ్ళో పడేలోపే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను దీపం పట్టుకోలేదు. పొద్దు గుంకాక టెంటు బయట అగ్గిపుల్ల గీసినా అక్కడ నేరం. ఇంకో కథ మా మేనత్త ఊరంతా పంచిపెట్టింది. నేను ఏడ్చి, కాళ్ళావేళ్ళా పడి, ఒక ఇరాకీ ఖైదీని ఆపరేషనుకి ఒప్పించానట. ఏడవడం మా ఇంట్లో అత్తయ్య శాఖ. నేను వాదించాను. ఒక పగలంతా నీళ్ళ డబ్బా మీద కూర్చుని, నూటముప్పై ఏళ్ళ కిందటి యూరప్ గురించి ఆయనతో పోట్లాడాను.

ఆ మాటకొస్తే క్రిమియా యుద్ధంలోని అసలు దీపం దొరసాని కూడా ఊరికే దీపం పట్టుకుని తిరగలేదు. రోగుల మంచాల కింద మురుగు పారుతోందని, తూటాలకంటే అదే ఎక్కువమందిని చంపుతోందని లెక్కలు కట్టి మంత్రుల ప్రాణాలు తోడేసింది. జనానికి దీపం నచ్చింది. మురుగు ఎవరికి నచ్చుతుంది?

1991 జనవరిలో సౌదీలో జుబైల్ రేవు దగ్గర దిగాం. వాన. ఎడారి అంటే ఎండ అనుకుని వచ్చినవాళ్ళం, బురదలో బూట్లు దిగబడి నిలబడ్డాం. నేను బ్రిటిష్ సైన్యంలో నర్సుని, లెఫ్టినెంటు హోదా. గుంటూరులో బి.ఏ. చరిత్ర చదివి, లెస్టర్‌లో అత్తయ్య ఇంటికి చేరి, అక్కడ నర్సింగు పూర్తిచేసి సైన్యంలో చేరాను. ఎందుకు చేరావని ఇప్పటికీ అడుగుతారు. అత్తయ్య తెచ్చిన సంబంధాలకంటే సైన్యం మర్యాదగా కనిపించింది.

సామాను ఇదీ: హెల్మెట్. గ్యాసు మాస్కు. లోపల బొగ్గుపొర కుట్టిన మందపాటి సూటు, వేసుకుంటే ఒళ్ళంతా మసి. నడుముకి పిస్తోలు. నర్సుకి పిస్తోలెందుకంటే, రోగుల్ని కాపాడుకోవడానికి మాత్రమే అని నియమం. రోగి ఏ సైన్యం వాడన్నది ఆ నియమంలో లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి అని మా మేట్రన్ మొదటిరోజే చెప్పింది.

కువైట్ సరిహద్దు ఊరు ఖఫ్జీలో పోరు జరిగిన వారానికి మమ్మల్ని లారీల్లో లోపలికి తరలించారు. పడమరగా చమురు గొట్టం వెంట సాగే ట్యాప్‌లైన్ రోడ్డు, ఖైసూమా దాటాక ఉత్తరానికి మట్టిదారి. చెట్టు లేదు, గుట్ట లేదు. కంకర నేల, దానిమీద గాలి. మూడు రోజుల్లో టెంట్లన్నీ ఒకదానికొకటి కలిపి ఆసుపత్రి నిలబెట్టాం. నీళ్ళు మాత్రం ట్యాంకరులో వచ్చేవి.

ట్యాంకరు డ్రైవరు మల్లేశం. జగిత్యాల దగ్గరి పల్లె. సౌదీ కంపెనీ కాంట్రాక్టు మీద మాకు పంపారు. నేను బూతుల్లాంటి తెలుగులో ఒక గుంజని తిట్టడం విని బండి దిగి వచ్చాడు.

"అక్కా, నువ్వు మనోళ్ళ పిల్లవా? గీ తుపాకి ఏంది, గీ టోపి ఏంది?"

నువ్విక్కడ ఎందుకున్నావు, క్షిపణులు పడుతుంటే ఇంటికి పోకుండా అన్నాను. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, పనికి పెట్టుకున్న సౌదీ యజమాని దగ్గర, ఉందట. ఆ కఫీలేమో జెద్దాకి పారిపోయాడట. "ఆయినె వస్తె గద అక్కా నేను పోయేది" అని నవ్వాడు. ఆ రోజునుంచి మా ఆసుపత్రిలో నేను తెలుగు మాట్లాడేది అతనొక్కడితోనే. నన్ను తిట్టే హక్కు కూడా అతను తీసుకున్నాడు. డబ్బా తిండి తిని గాలికి ఎగిరిపోయేలా ఉన్నావని, ట్యాంకరులో దాచుకున్న మామిడికాయ పచ్చడి సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు.

ఫిబ్రవరి ఆఖరి వారంలో భూమ్మీద యుద్ధం మొదలైంది. మా వాళ్ళ గాయాలకోసం మంచాలు పరిచి కూర్చున్నాం. అంబులెన్సు రేడియోలో వచ్చింది వేరు.

"పడుకున్నవాళ్ళు ముగ్గురు, కూర్చున్నవాడు ఒకడు. నలుగురూ అవతలివాళ్ళే."

తర్వాత అదే పాట. అవతలివాళ్ళే. నెల రోజులు కందకంలో బాంబుల కింద పడి ఉన్నవాళ్ళు. పేను పట్టిన తలలు, ఎండిన పెదాలు. నీళ్ళిస్తే రెండు చేతులా పట్టుకుని తాగేవాళ్ళు.

వాళ్ళలో ఒకాయన నలభై అయిదేళ్ళ మనిషి. కళ్ళజోడుకి ఒక అద్దం లేదు. ఎడమ చీలమండ గుండు ముక్క తగిలి నుజ్జయింది, నాలుగు రోజుల నాటి గాయం. కట్టు విప్పగానే నాకు కుళ్ళు వాసన తెలిసింది. మా సర్జన్ మేజరు, స్కాట్లండు మనిషి, మాటలు పొదుపు. ఒంగి చూశాడు, లేచాడు. మోకాలి కింద తీసెయ్యాలి, లేకపోతే విషం ఒంటికెక్కి రెండు మూడు రోజుల్లో పోతాడు అన్నాడు.

ఖైదీ శుభ్రమైన ఇంగ్లీషులో జవాబిచ్చాడు. "1862. ఇటలీ. చీలమండలో తూటా. కాలు తియ్యలేదు."

మేజరు నావైపు తిరిగాడు. "జ్వరంలో మాట్లాడుతున్నాడా?"

"లేదు సర్. చరిత్ర మాస్టారు."

నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే ఆ కాలు నాకూ తెలుసు. ఎర్రచొక్కాల దండుతో ఇటలీని ఒక్కటి చేసిన సేనాని కాలు అది. మా గుంటూరు హాస్టల్లో ఆ పాఠంలో వాళ్ళందరికీ మారుపేర్లు పెట్టుకున్నాం, పేర్లు నోరు తిరక్క. ఆయన ఎర్రచొక్కా. లండన్‌లో గడ్డం పెంచుకుని పెట్టుబడి మీద పుస్తకం రాసినాయన గడ్డంతాత. ఎర్రచొక్కాకి సొంత రాజు సైనికులే కాల్చిన తూటా చీలమండలో ఇరుక్కుంది. యూరప్ డాక్టర్లంతా చుట్టూ మూగారు. కొందరు కొయ్యాలన్నారు. ఒక ఫ్రెంచి డాక్టరు కొసన పింగాణీ పూస ఉన్న సన్నటి పుల్ల గాయంలోకి దింపి, పూసమీద సీసపు మరక చూసి, తూటా ఎక్కడుందో చెప్పాడు. తూటా తీశారు. కాలు దక్కింది. ఇరవయ్యేళ్ళు బతికాడు.

మా మాస్టారు (అప్పటినుంచి నేనాయన్ని అలాగే పిలిచాను) బస్రాలో పెద్ద తరగతులకి యూరప్ చరిత్ర చెప్పేవాడు. ఏటా ఆ కథ చెప్పేవాడు. తన చీలమండకి దెబ్బ తగిలినప్పుడు, కందకంలో, మొదట గుర్తొచ్చింది అదేనట.

ఖైదీ అయినా సరే, ఒప్పుకోనిదే కత్తి పెట్టను అన్నాడు మేజరు. మర్నాడు పొద్దుటిదాకా చూస్తానన్నాడు. నేను నీళ్ళ డబ్బా లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. కాపలా కార్పొరల్ తుపాకీతో గుమ్మంలో నిలబడ్డాడు.

క్రిమియాలో ఇంగ్లీషు సైన్యాన్ని నడిపిన ముసలి జనరల్‌కి చేయి లేదు, కుర్రతనంలోనే కోసేశారు, అయినా నడిపాడు కదా అన్నాను.

"చేయి. చేతులతో నడవరు. పైగా ఎలా నడిపాడో మీకు తెలీదా?" అన్నాడు మాస్టారు.

నిజమే. ఆయన చేతికింద వేలమంది చలికీ రోగాలకీ పోయారు. ఆయన మాట ఎత్తి తప్పుచేశాను.

ఎర్రచొక్కా కాలికి ఈ వాసన రాలేదు అన్నాను. ఆ సంగతి పుస్తకంలో లేదన్నాడు. ఆయన చుట్టూ ఇరవైమంది డాక్టర్లు, మీకు ఒక్కడు అన్నాను. అయితే ఆ ఒక్కడినీ పింగాణీ పూస తెమ్మనండి అన్నాడు. కార్పొరల్‌కి ఓపిక నశించింది. ఎవరీ ఎర్రచొక్కా, ఏ దళం, పై అధికారికి చెప్పాలా అని అడిగాడు. చెప్పు, ఆయన చనిపోయి వందేళ్ళు దాటింది, పట్టుకురమ్మను అన్నాను. మాస్టారు నవ్వాడు. జ్వరంలో ఆ నవ్వు చూడలేకపోయాను.

మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. గొంతు తగ్గింది. అప్పుడు అసలు మాట చెప్పాడు. ఇరవై ఏళ్ళలో తనకి నచ్చిన పాఠం 1848. పారిస్, వియన్నా, బెర్లిన్, మిలాన్, అందరూ ఒక్క వసంతంలో లేచారు. ఏడాది తిరిగేసరికి అందరూ ఓడిపోయారు. "నేను ఓటమి పాఠం చెప్పే మాస్టర్ని. సగం కాలితో వెళ్ళి అదే పాఠం చెప్పమంటారా? ఇక్కడే ముగించెయ్యండి."

నాకు కోపం వచ్చింది. నేను జాలిపడలేదు. అత్తయ్య ఈ భాగం ఎప్పుడూ చెప్పదు. నిజంగా కోపం వచ్చింది.

"మీ 1848లో వియన్నా కాన్పుల ఆసుపత్రి ఉందా?"

లేదన్నాడు.

ఉండదు, మీ పుస్తకాలు రాసింది మగాళ్ళు అన్నాను. వీధిలో అడ్డుకట్టలు కడుతున్న ఆ ఏడే, ఆ ఊళ్ళోనే, హంగేరీ డాక్టరు ఒకాయన గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ గిన్నె పెట్టి నిలబడ్డాడు. శవాలు కోసిన చేతులు అందులో కడిగితేగానీ బాలింతల్ని ముట్టనివ్వనన్నాడు. పెద్ద డాక్టర్లు తిట్టారు. తర్వాత ఉద్యోగంలోంచి సాగనంపారు. కానీ ఆ ఏడాది ఆ వార్డులో తల్లులు చావడం దాదాపు ఆగిపోయింది. చక్రవర్తులు తిరిగొచ్చారు, నిజమే. ఆ తల్లులు ఇంటికి వెళ్ళారు, అదీ నిజమే.

మాస్టారు మోచేతి మీద కొంచెం లేచాడు. గిన్నెలో నీళ్ళు వాసన వేసేవా అని అడిగాడు. వేసేవన్నాను. చేతులు మండేవా? మండేవి. పిల్లలకి ఇలాంటివే గుర్తుంటాయి అన్నాడు.

"నేను తప్పు పాఠం చెప్పానన్నమాట."

"సగం పాఠం చెప్పారు. మిగతాది చెప్పాలంటే బతికుండాలి."

కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టాడు. మోకాలు మాత్రం వదిలెయ్యమని మీ మేజరుకి చెప్పండి అన్నాడు. మేజరు పొద్దుటిదాకా ఆగలేదు. మోకాలు వదిలాడు.

మార్చి వచ్చింది. కువైట్‌లో తగలబెట్టిన బావుల పొగ మా మీదికి వచ్చేది. మిట్టమధ్యాహ్నం దీపాలవేళలా ఉండేది. టెంట్ల మీద జిడ్డుమసి. మాస్టారు రెండు కర్రల మీద వార్డులో తిరగడం నేర్చాడు. పక్క మంచాలవాళ్ళకి అరబ్బీలో బ్లీచింగ్ గిన్నె కథ చెప్పాడు. చేతులు కడుగుతున్నట్టు ఆయన అభినయిస్తుంటే, భాష రాకపోయినా నాకు తెలిసేది ఏ ఘట్టం నడుస్తోందో.

కార్పొరల్ చిన్న రేడియో తెచ్చి ఆయన తలదగ్గర పెట్టేవాడు. బస్రాలో జనం ఇరాక్ ప్రభుత్వం మీద తిరగబడ్డారని వార్త. పక్క ఊళ్ళు కూడా. మా ట్యాంకులు ఇక బస్రాకి వెళ్తాయి అన్నాడు కార్పొరల్, ఆయన్ని సంతోషపెట్టడానికి. మేజరు తల అడ్డంగా ఊపాడు. ఉన్నచోట ఆగమని ఆజ్ఞ వచ్చింది అన్నాడు. మాస్టారు రేడియో ఆపేశాడు. 1849లో హంగేరీవాళ్ళు కూడా ఎవరో వస్తారని చూశారు, వచ్చింది వాళ్ళని అణచడానికి రష్యా జారు సైన్యం అని మాత్రం అన్నాడు.

యుద్ధఖైదీల బాగోగులు చూసే సంస్థ ప్రతినిధులు స్విట్జర్లాండు నుంచి వచ్చారు. ఒక్కొక్క ఖైదీని విడిగా కూర్చోబెట్టి, ఇంటికి వెళ్తావా, ఉండిపోతావా అని అడగడం వాళ్ళ పద్ధతి. ఉండిపొమ్మని నేను మాస్టారితో పోట్లాడాను. ఈసారి ఓడిపోయాను.

"పరాయి ఊళ్ళో పుస్తకం రాసుకోడానికి నేను మీ గడ్డంతాతని కాదు. నాకు ఇద్దరు కూతుళ్ళు. వీధిలో ఉన్నారో ఇంట్లో ఉన్నారో తెలీదు."

ఆయన కర్రలకి కొత్త గుడ్డ చుట్టి ఇచ్చాను.

ఇరాక్ వైపు అరార్ సరిహద్దు గేటుకి ఖైదీల బస్సు. నడిపేది మల్లేశం, ట్యాంకరు వేరేవాడికిచ్చి ఇతన్ని బస్సెక్కించారు. సారుని జాగ్రత్తగా దింపు అన్నాను. "చెప్పాల్నా అక్కా" అని కసిరాడు. మాస్టారు వెంటనే ఎక్కలేదు. బస్సు పక్కరేకు నిండా మసి. ఒక కర్ర చంకలో బిగించి, చూపుడువేలితో ఆ మసిలో గీత మొదలుపెట్టాడు. పై నుంచి కిందికి, మడమ, అరికాలు, ముని వేళ్ళు. ఇటలీ పటం. ముని వేళ్ళ ముందు సిసిలీ ద్వీపం కూడా పెట్టాడు. వేలు తన చొక్కాకి తుడుచుకుని, నాకు తల వంచి, బస్సెక్కాడు. కార్పొరల్ సెల్యూట్ చేశాడు. ఖైదీకి సెల్యూట్ ఏమిటని ఎవరూ అడగలేదు.

మూడోరోజు ఖాళీ బస్సు తిరిగొచ్చింది. మల్లేశం ముఖంలో నవ్వు లేదు.

"సారును నేనే చెయ్యి పట్టి దింపిన అక్కా. గేటు ఆవల మేజ ఏసుకుని కూసున్నరు వాళ్ళోళ్ళు. ఒక్కొక్కన్ని అడిగి కొందరిని కుడిపక్క బస్సులకు, కొందరిని ఎడమపక్క మూసిన లారీలకు తోలుతున్నరు."

"మాస్టారు ఎటు?"

"బండి తిప్పమన్నరు. చూడనియ్యలే."

ఆ నెలాఖరుకి నేను ఇంగ్లండు వెళ్ళిపోయాను. తర్వాత సైన్యం వదిలి రియాద్ ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేశాను. జీతానికి వచ్చిందంటారు మావాళ్ళు. అదీ అబద్ధమే. తిరుగుబాటు అణిగాక ఇరాక్ నుంచి పారిపోయినవాళ్ళుండే రఫ్హా శరణార్థి శిబిరం నుంచి వచ్చిన ప్రతి బస్రా మనిషినీ అడిగాను, ఒంటికాలి చరిత్ర మాస్టారు తెలుసా అని. ఎవరికీ తెలీదు.

ఇప్పటికీ కళ్ళు మూస్తే నాకు కనబడేది ట్యాంకులు కాదు, మండే బావులు కాదు. ఆ ఖాళీ బస్సు. దాని రేకు మీద, అంత దూరం వెళ్ళొచ్చినా చెరగని ఇటలీ. పక్కన బకెట్టు పట్టుకుని, కడగాలా వద్దా అని నా ముఖం చూస్తున్న మల్లేశం.

మేం కాలు తీసి నిలబెట్టిన ఆ ప్రాణాన్ని ఆ బల్ల దగ్గర ఏ పక్కకి పంపారు?