రోనాల్డ్ చెప్పకుండా పోయిన దొంగ

రోనాల్డ్ చనిపోయిన దినం ఆండర్సన్‌పేటలో ఆయన వీధి వీధంతా ఏడ్చింది. సగం మంది మంచి మనిషి పోయినాడని ఏడిస్తే, తక్కిన సగం మంది దొంగెవరో చెప్పకుండానే పోయినాడే అని ఏడ్చినారు.

శవపెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే ఎదురింటి ఆటో చెన్నరాయప్ప వచ్చి రోనాల్డ్ పెండ్లాం ఎమిలీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, "అక్కా, కడాకు అన్న ఏమన్నా చెప్పినాడా?" అన్నాడు.

"నీళ్ళు అడిగినాడప్పా."

"నీళ్ళేనా? పేరేమీ చెప్పలేదా?"

ఎమిలీ తల అడ్డంగా ఊపింది. చెన్నరాయప్ప మళ్ళీ ఏడ్చినాడు, ఈసారి నిజంగానే.

బంగారు గని మూసేసినాక రోనాల్డ్‌కు మిగిలిన పనిముట్టు నోరొక్కటే. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని కథ చెప్పేవాడు. చెప్పేది ఒకటే కథ, కానీ ఎన్నడూ అయిపోయేది కాదు. యుద్ధం కాలంలో ఎక్‌మన్ దొర అని ఒకాయన రాయి తొలిచే మిషన్లు వెంటబెట్టుకుని స్వీడన్ దేశం నుంచి పెండ్లాం బిడ్డలతో గనికి వచ్చినాడంట. వాళ్ళ దేశం ఆ యుద్ధంలో ఇటూ లేదు, అటూ లేదు. అందుకని పోలీసులకు ఆయన మీద రెండింతల అనుమానం. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. డిసెంబరు చలిలో ఒక దినం, ఇంకా తెల్లవారక ముందే, ఇంటి ఆడబిడ్డ తెల్లగౌను తొడుక్కుని, తలమీద వెలిగే కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని, పాట పాడుకుంటూ అందరినీ లేపి తీపి బన్నులు పంచేది. పనివాళ్ళ బిడ్డలకు కూడా.

ఒక ఏడు జపానోళ్ళ విమానాలు వస్తాయని, బయట ఎక్కడా దీపం కనపడకూడదని ఆర్డరేసినారు. సరిగ్గా ఆ ఆచారం దినమే, తెల్లారకముందు, గని మట్టి పోగేసిన సైనైడ్ గుట్ట మీద ఒక వెలుగు ఎక్కింది, ఆగింది, దిగింది. గూఢచారి ఎవడో విమానాలకు సైగ చేసినాడని పోలీసులు దిగి, దొరను స్టేషన్ చుట్టూ తిప్పినారు. అదే పొద్దు దొర బంగళాలో కిరీటం లేదు! ఎవరు తీసినారు? గుట్ట ఎక్కింది ఎవరు?

అనుమానాలకు కరువేమీ లేదు. బంగళా బట్లరు చెన్నరాయప్ప తాత. వాచ్‌మన్ పక్కింటి వెంకటలక్ష్మమ్మ తాత. పాలు పోసింది మూలింటి శ్రీనివాసప్ప తాత. ఏ పొద్దు ఎవరు టీలోకి బిస్కెట్లు తేకుండా వస్తే, ఆ పొద్దు రోనాల్డ్ అనుమానాన్ని ఆ మనిషి తాత మీదికి మళ్ళించేవాడు.

ఎమిలీ మాత్రం ఆ కథ సాంతం విన్నది లేదు. "ఇప్పుడు వినండప్పా, ఆ వెలుగు ఉండాది చూడు..." అంటూనే రోనాల్డ్, "ఎమిలీ, టీ!" అనేవాడు. ఆమె టీ తెచ్చేసరికి కథ బట్లరు మీసాల కాడ ఉండేది. నంగలి నుంచి వచ్చిన కోడలు, మాట తక్కువ మనిషి. గ్లాసులు అందించి మళ్ళీ లోపలికి పోయేది.

ఆమెకు మాత్రమే చెప్పిన కథ ఇంకొకటి ఉంది. సంగటి తినేటప్పుడు చెప్పేవాడు. బంగళాలో సామాన్లు తోమే ఆయన అవ్వ మార్తమ్మ మేక ఒక పొద్దు కోడికూతకు ముందే తాడు తెంపుకుని సైనైడ్ గుట్ట ఎక్కిందంట. అక్కడి మడుగులో నీళ్ళు తాగితే మేక బతకదు. అవ్వ పరిగెత్తి, రెండు చేతులా రెండు కొమ్ములు పట్టి కిందికి ఈడ్చుకొచ్చిందంట. ఆనక ఎవరో పోలీసోళ్ళు ఇంటికొస్తే గంజి కూడా పోసిందంట. అప్పట్నించీ ప్రతి డిసెంబరూ ఎవరూ అడగకనే బంగళాకు ఒక చెంబు మేకపాలు పంపేదంట.

"అంత చీకట్లో మేక ఎట్ల కనపడింది?" అని ఎమిలీ ఒకసారి అడిగింది.

"నువ్వు పోయి టీ పెట్టు పో," అన్నాడు రోనాల్డ్.

ఆయన పోయినాక కూడా జనం సాయంత్రానికి అరుగు మీదికి వచ్చినారు. పక్కన పడుకునే పెండ్లానికి తెలీకుండా ఉంటుందా అని వాళ్ళ ఆశ. "నాకు తెలీదప్పా" అని ఎమిలీ ఉన్నమాట చెప్పింది. మరుసటి పొద్దు ఇద్దరు రాలేదు. ఆ తరువాత ఇంకొకరు. దీపాలు పెట్టే వేళకు ఖాళీ అరుగు చూస్తే ఆమెకు ఇంట్లో రెండోసారి పెట్టె లేచినట్టయింది. అందుకే చెన్నరాయప్ప మళ్ళీ అడిగినప్పుడు నోరు జారింది: "అన్న సంవత్సరం ప్రార్థన కూడిక నాడు చెప్తాలే."

అంతే. అరుగు మళ్ళీ నిండింది.

వెంకటలక్ష్మమ్మ చేటెడు అనపకాయలు తెచ్చి, తానే ఒలుస్తూ కూర్చుంది. "వదినా, మా తాతకు చీకటి పడితే కండ్లు కనపడవు. ఆయన గుట్ట ఎక్కేదా?"

"కండ్లు కనపడకుంటే వాచ్‌మన్‌గా ఎట్ల పెట్టుకున్నారు వదినా?"

"కనపడవని దొంగలకు తెలీదు కదా!"

చెన్నరాయప్ప చర్చికి ఊరికే ఆటోలో తీసుకుపోయి, దారిపొడుగునా వాదించినాడు. "బంగారు కిరీటం అక్కా! మా తాత కొట్టేసుంటే నేనెందుకు ఈ డొక్కు ఆటో తోలతా? వాచ్‌మన్ ఇల్లు చూడు, మిద్దె మీద మిద్దె."

ఆ మాట వెంకటలక్ష్మమ్మ చెవిన పడింది. రెండిళ్ళకూ మాటలు ఆగిపోయినాయి. తన తాత పాలలో నీళ్ళు కలిపినమాట నిజమే కానీ, దొంగతనం చేసే మనిషి కాదని శ్రీనివాసప్ప ఒట్టేసినాడు. ఇట్లా ఒక్కొక్కరూ తమ తాతను కాపాడుకోను రావడంతో, టీ పెడుతూ పోగొట్టుకున్న కథంతా ఎమిలీ చెవికి చేరింది. దొంగ పేరు తప్ప. కూడిక దగ్గరపడింది. తెలీదని చెప్తే అరుగు ఖాళీ. ఎవరో ఒకరి పేరు చెప్తే ఒక ఇల్లు దూరం.

కూడిక రేపనగా ఇల్లంతా కడిగింది. చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకోదని, ఎన్నడూ తోమని వాటిని కూడా చింతపండేసి తోమింది. సంగటి గిన్నె కింద పెట్టే కుదురు కూడా. అత్త కాలం నుంచీ ఆ ఇంట్లో ఉన్న నల్లటి చక్రం, చుట్టూ పొట్టి కాళ్ళు. తోమేకొద్దీ పచ్చగా ఇత్తడి బయటపడింది. ఇన్నాళ్ళూ ఇనుమనుకున్నానే అనుకుంటూ కాళ్ళు పైకి పెట్టి ఆరేసింది.

సందెవేళకు కరెంటు పోయింది. కూడికకు తెచ్చిన కొవ్వొత్తుల్లో ఒకటి వెలిగించి, ఎక్కడ నిలబెడదామా అని తడుముకుంటే చేతికి కుదురు తగిలింది. కాలు లోపల డొల్ల. కొవ్వొత్తి కొలిచి చేసినట్టు కూర్చుంది. ఎమిలీ కాసేపు దాన్నే చూసింది. ఇంకొకటి పెట్టింది. అదీ కూర్చుంది. అన్నీ పెట్టేసరికి వంటిల్లంతా వెలుగు, నడుమ కిరీటం.

అవ్వ బంగళాలో ఇత్తడి సామాన్లు తోమేది. పండగకని ఇంటికి తెచ్చి తోముతుంటే మేక తాడు తెంపుకుంది. రెండు చేతులూ కొమ్ములకు కావల్ల. మరి దీపం పెట్టేదానికి తల ఒక్కటే కదా మిగిలింది!

ఎమిలీ గోడమీది ఫోటోను చూసింది. "ఏమయ్యా, వెలుగు మాట వచ్చినప్పుడల్లా నన్ను టీకి తరిమింది ఇందుకా? రెండు కథలూ విన్నదాన్ని నేనొక్కదాన్నే అనా?" అని నవ్వింది. ఏడాదిగా నవ్వని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. నవ్వి నవ్వి, కండ్లలో నీళ్ళు ఆగక అక్కడే కూర్చుండిపోయింది.

మరుసటి పొద్దు అరుగు మీద పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ జనం ఒక కన్ను మూసి, ఒక కంటితో ఎమిలీనే చూసినారు. ఆమెన్ అనేదే తడవు చెన్నరాయప్ప, "ఊ, చెప్పక్కా," అన్నాడు.

చెప్తే మార్తమ్మ దొంగ, రోనాల్డ్ మాయగాడు. ఫోటోలో ఆయన "టీ!" అన్నట్టే చూస్తున్నాడు. ఎమిలీ లేచింది.

"వెంకటలక్ష్మమ్మ వదినా, ఈ పొద్దు టీ నువ్వు పెట్టు," అంది.

ఇంతమందిలో తనకే పొయ్యి అప్పజెప్పిందని వెంకటలక్ష్మమ్మ మురిసిపోతూ లోపలికి పోయింది. ఎమిలీ కుదురు తెచ్చి స్టూలు మీద తిరగేసి పెట్టింది, కొవ్వొత్తులు గుచ్చి వెలిగించింది. ఆ తరువాత మేక కథ చెప్పింది. మేక గుట్ట ఎక్కేసరికి రెండు చేతులూ చాచి కొమ్ములు పట్టి చూపించింది.

"దొంగిలించాలని కాదప్పా. వెలుగు చూసి పోలీసులు దిగినాక, తిరిగి ఇస్తే గూఢచారి అంటారని అవ్వ భయపడింది. తిరగేసి సంగటి గిన్నె పెట్టేసింది."

"అంటే పోలీసోళ్ళు గంజి తాగింది..." అన్నాడు శ్రీనివాసప్ప.

"దాని పక్కన కూర్చునే. ఇంకొంచెం పొయ్యమ్మా అన్నారంట."

చెన్నరాయప్ప మెల్లిగా అన్నాడు: "మా తాతను ఇన్నేండ్లు ఈ అరుగు మీద కూర్చోబెట్టి, దొంగను చేసినాడా అన్న?"

"చేసినాడప్పా. పాపం ఆ దొర కూడా మా అవ్వ వల్లనే స్టేషన్ చుట్టూ తిరిగినాడు. మేకపాలతో తీరే బాకీ కాదు." ఎమిలీ ఆగింది. "నువ్వు మాత్రం, బిస్కెట్లు తెచ్చుంటే ఇంత దూరం రాకపోవును."

ముందు శ్రీనివాసప్ప కిసుక్కుమన్నాడు. తరువాత పాస్టరుగారు. ఆఖరికి చెన్నరాయప్ప తొడ మీద చరుచుకుని, "ఏం ముసలమ్మ అక్కా! జపానోళ్ళను భయపెట్టిన మేక!" అని నవ్వినాడు.

అప్పుడు వెంకటలక్ష్మమ్మ టీ గ్లాసుల పళ్ళెంతో గడపలో నిలబడింది. "ఏమి నవ్వుతారు? ఎవరంట?"

"చెప్పేసింది," అన్నాడు చెన్నరాయప్ప. ఎన్నో నెలలకు ఆమెతో అన్న మొదటి మాట అది. "మీ తాత కాదులే."

"నేను లేకుండానా!" వెంకటలక్ష్మమ్మ పళ్ళెం ఠక్కున కింద పెట్టింది. "అదేం కుదరదు. ఇంగ మొదట్నించీ చెప్పల్ల వదినా."

ఎమిలీ అరుగు మీద, గోడకు ఆనుకుని, రోనాల్డ్ కూర్చునే చోట కూర్చుంది. టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఎక్‌మన్ దొర అని ఒకాయన ఉండె," అంది. ఇంతకుముందే విన్నవాళ్ళు కూడా దగ్గరికి జరిగినారు.