మూడో పిలుపు

మొన్న కాలేజీలో చదివే ఓ అమ్మాయి శ్రీకాకుళంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చావుపాటల్లో ఛందస్సు గురించి చెప్పండి మాస్టారూ అని ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటే, ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకేమీ తెలియదని పచ్చి అబద్ధమాడి, టీ ఇచ్చి పంపించేశాను.

తెలియక కాదు. సముద్రపొడ్డున మా పల్లెలో ఎవరు పోయినా పదకొండో రోజు సాయంత్రం ఇసుకలో కూర్చుని పాడే పాత పాట ఒకటుండేది, దాన్ని పాడేది మా మేనత్త. "కట్టె పడవ కట్టు విడె, గట్టు మీద పొద్దు పడె" అంటూ ప్రాస తప్పకుండా నడిచి, ప్రతి చరణం చివరా "ఒస్తావా" అని మూడుసార్లు పిలుస్తుంది. మొదటి రెండు పిలుపులూ పోయినవాళ్లవనీ, మూడోది పాడే మనిషిదనీ మావాళ్ల నమ్మకం. అందుకే రెండింటికీ నోరు మెదపకుండా ఉండి, మూడోదానికి మాత్రం అందరూ ఒక్క గొంతుతో "రాం, ఇంకా పనున్నాది" అనేవారు.

ఊళ్లోకి అప్పుడప్పుడే స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో మామయ్య పోయాడు. భర్త కర్మకు భార్య పాడకూడదు కనుక ఆ పని నా మీద పడింది. నాకా ఛందస్సు పిచ్చి. లెక్క కట్టి చూస్తే మూడో "ఒస్తావా" తాళంలో ఇమడటం లేదు. దాన్ని కొట్టేసి, టైపు చేయించి, జిరాక్సులు తీయించి అందరికీ పంచాను. అత్తకు చదువు రాదు, ఒక మాట అడగాలని నాకూ తోచలేదు.

మొదటి చరణం పాడి, రెండుసార్లు పిలిచి ఆగాను. కాగితాలు చేతిలో ఉన్నా, అలవాటు కొద్దీ అందరూ మూడోదాని కోసం చూస్తూ కూర్చున్నారు. అప్పుడు పిలుపు వినిపించింది. నేను పిలవలేదు, నా నోరు మూసే ఉంది. నేనే అనుకుని జనం ఎప్పటిలాగే "రాం" అన్నారు. మధ్యలో ఆపకూడదు గనక పాడుతూనే ఉన్నాను, చరణం చరణానికీ అదే జరిగింది. అత్త ఒక్కతే జవాబివ్వలేదు.

పాటయ్యాక పక్కన కూర్చుని ఎందుకని అడిగాను. "మీ మావ మూడోసారి కూడా పిలిసినాడ్రా. రానని ఎలాగ సెప్తాను?" అంది, చేపల బేరం చెప్పినంత మామూలుగా. నెల తిరక్కుండానే నిద్రలో పోయింది.

ఆవిడ పదకొండో రోజున ఆ పాట పాడమని నన్నెవరూ అడగలేదు, నేనూ పాడలేదు. ఇప్పుడక్కడ అది ఎవరికీ రాదు. షామియానా కింద స్పీకరులో భక్తిపాటలు మోగుతుంటాయి, జనం భోజనాలు చేసి బైకులెక్కి వెళ్లిపోతారు. అందులో తప్పేమీ లేదు, ఎవరి ప్రాణానికీ ముప్పూ లేదు. నా బాధల్లా ఒక్కటే. ఆ మూడో పిలుపు నేనే పిలిచి ఉంటే, అది మేనల్లుడి గొంతే కదా, అత్త రానని మొహమ్మీదే చెప్పేసి, మర్నాడు చేపల గంప నెత్తిన పెట్టుకుని బజారుకు పోయేది.